బ్లాక్ జాక్ ఆపరేషన్లలో మత్తు ఎవరిస్తారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయి ఎం.బి.బి.ఎస్. రెండో ఏడాది చదువుతోంది. హాస్టల్లో ఎవరి దగ్గరో 'బ్లాక్ జాక్' అనే జపాన్ బొమ్మల పుస్తకం చూసింది. అప్పట్నుంచి సర్జరీ తప్ప ఇంకేదీ చెయ్యనంటోంది. లైసెన్సు లేని డాక్టరు, కోట్లలో ఫీజు, ముఖం నిండా కుట్లు, ఇదంతా చూసి మీకు టెన్షన్ పట్టుకుంది. అందులో వైద్యం నిజమేనా, పిల్ల చదవొచ్చా, చదివితే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని అడిగారు.

చదవనివ్వండి. వైద్యం సగానికి పైగా కట్టుకథే, అయినా చదవాలి. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను మత్తు డాక్టర్ని. రాయలసీమ ప్రభుత్వాసుపత్రుల్లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. థియేటర్లో పచ్చగుడ్డ తెరకు ఇవతల, పేషెంటు తల దగ్గర స్టూలు మీద కూర్చునే మనిషిని. సర్జన్లను అంత దగ్గర్నుంచి అన్నేళ్ళు చూసే అవకాశం ఇంకెవరికీ రాదు. వాళ్ళ చేతి నైపుణ్యమూ తెలుసు, అరుపులూ తెలుసు, రక్తం ఆగనప్పుడు నుదుటి మీద పట్టే చెమటా తెలుసు. 2010లో మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ ఈ పుస్తకాల ఇంగ్లీషు అనువాదం మూడు వాల్యూములు తెచ్చాడు. "అమ్మా, నీ పని మీదే రాసినట్టుంది" అన్నాడు. బొమ్మల పుస్తకమేగా అని పక్కన పడేశాను. ఒక నైట్ డ్యూటీలో తెరిచి, తెల్లారి ఏడింటికి మూశాను.

ముందు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బ్లాక్ జాక్ అసలు పేరు హజామా కురోఓ. జపాన్ భాషలో 'కురో' అంటే నలుపు, 'ఓ' అంటే మగవాడు, అందులోంచి వచ్చిన మారుపేరు అది. చిన్నప్పుడు యుద్ధకాలం నాటి పేలని బాంబొకటి పేలి ఒళ్ళంతా ఛిద్రమైపోతుంది. తల్లి కాళ్ళూ చేతులూ పోయి, ఆ తర్వాత చనిపోతుంది. తండ్రి వాళ్ళను వదిలేసి ఇంకొకామెతో వెళ్ళిపోతాడు. పిల్లవాడి ముక్కల్ని డాక్టర్ హొన్మా అనే పెద్దాయన కుట్టి బతికిస్తాడు. ముఖానికి చర్మం కావాల్సి వస్తే తోటి పిల్లలంతా వెనక్కి తగ్గుతారు. సగం ఆఫ్రికన్ రక్తం ఉన్న తకాషి అనే స్నేహితుడొక్కడే తన చర్మం ఇస్తాడు. అందుకే ముఖంలో ఒక పక్క ముదురు రంగు. పెద్దయ్యాక ప్లాస్టిక్ సర్జరీతో సరిచేసుకోవచ్చు కదా అంటే ససేమిరా అంటాడు. ప్రపంచంలోనే గొప్ప సర్జన్ అవుతాడు గానీ లైసెన్సు ఉండదు. సముద్రపు ఒడ్డున కొండ మీద పాత ఇంట్లో ఉంటాడు. కదిలించాలంటే కోట్ల యెన్‌లు అడుగుతాడు.

లైసెన్సు లేని డాక్టరు అనగానే మనకు ఊళ్ళో ఆర్.ఎం.పి. గుర్తొస్తాడు. నవ్వకండి, నాకూ మొదట అదే తట్టింది. కానీ మన ఆర్.ఎం.పి. తక్కువ డబ్బుకు, చదువు లేకుండా, దగ్గర్లో దొరికేవాడు. ఈయన చదువుండి, నైపుణ్యముండి, వైద్య సంఘాలకు తలవంచనివాడు. ఆ కోపం ఎక్కడిదో తెలియాలంటే జపాన్‌లో అప్పటి సంగతులు తెలియాలి. అక్కడ 1961 నుంచి దేశమంతటికీ ఆరోగ్య బీమా ఉంది. ఏ చికిత్సకు ఎంత తీసుకోవాలో ప్రభుత్వమే పట్టిక వేసి ఇస్తుంది. మన ఆరోగ్యశ్రీ ప్యాకేజీ లాంటిదే, కాకపోతే అందరికీ, అన్నిటికీ. అలాంటి దేశంలో ఒక డాక్టరు నోటికొచ్చిన రేటు చెప్పడమంటే చదివేవాడు ఉలిక్కిపడాల్సిందే. 1968లో టోక్యో యూనివర్సిటీలో మొదలైన పెద్ద విద్యార్థి ఉద్యమానికి మూలం కూడా మెడికల్ విద్యార్థుల గొడవే. జీతం లేని ఇంటర్న్‌షిప్ మీద వాళ్ళు తిరగబడ్డారు. ప్రొఫెసర్లే రాజులైన ఆస్పత్రుల మీద జనంలో మంట ఉన్న రోజుల్లో ఈ కథ వచ్చింది.

గీసినాయన ఒసాము తెజుకా. 1928లో పుట్టాడు, ఒసాకాలో మెడిసిన్ చదివాడు. 1945లో చేరాడంటే ఎలాంటి రోజులో ఊహించుకోండి, నగరం మీద బాంబులు పడుతున్నాయి. చదువుతూనే బొమ్మలు గీశాడు. 1952లో డాక్టరు పరీక్ష కూడా పాసయ్యాడు. ప్రాక్టీసు మాత్రం పెట్టలేదు. 1961లో నారా వైద్య విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. దేని మీదనుకున్నారు? ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద నత్తల వీర్యకణాల మీద. ఆ పట్టాతో ఎవరికీ అపెండిక్స్ తీయలేం. కానీ ఆయన గీసిన పేగు, కాలేయం, గుండె చూడండి, మనుషులు కార్టూన్‌లా ఉంటారు, లోపలి అవయవం మాత్రం అనాటమీ అట్లాసులోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. నాకు బాగా నచ్చేది ఆ తేడానే.

1973 నాటికి ఆయన పని అయిపోయిందనుకున్నారు. పాఠకులకు కరుకైన, పెద్దల బొమ్మకథలు రుచించడం మొదలైంది. ఆయన పెట్టిన యానిమేషన్ కంపెనీ ముషి ప్రొడక్షన్ అదే ఏడాది దివాలా తీసింది. 'షోనెన్ చాంపియన్' అనే వారపత్రిక ఎడిటర్ కబెమురా తైజో, ఈయనకు గౌరవంగా వీడ్కోలు చెప్పే చోటు ఇద్దామన్నట్టు కొన్ని వారాల పాటు పేజీలిచ్చాడని జపాన్‌లో చెప్పుకుంటారు. అలా 1973 నవంబరు సంచికలో మొదలైన వీడ్కోలు ఐదేళ్ళు ప్రతివారం నడిచింది, ఆ తర్వాత అప్పుడప్పుడూ 1983 దాకా సాగింది. 240కి పైగా కథలు. ఒక్కోటి ఇరవై పేజీలు కాస్త అటూ ఇటూ. 1977లో కొదాన్షా అనే ప్రచురణ సంస్థ ఇచ్చే బహుమతి కూడా వచ్చింది. కంపెనీ మునిగి, పేరు మసకబారిన మనిషి, కుట్లు పడ్డ ముఖంతో ఒంటరిగా ఉండే డాక్టర్ని పుట్టించాడు. అందులో ఆయన సొంత గాయం కొంత లేదనుకోవడం నా వల్ల కాదు.

ఇక వైద్యం సంగతి.

మొదట ఆ ముఖమే తీసుకుందాం. ఒకరి చర్మం ఇంకొకరికి అతికిస్తే రెండు మూడు వారాల్లో శరీరం దాన్ని తోసేస్తుంది. ఒకే పిండం నుంచి పుట్టిన కవలలైతే తప్ప నిలవదు. బాగా కాలిన కేసుల్లో దాత చర్మం వాడతాం గానీ అది తాత్కాలికంగా కప్పే దుప్పటి లాంటిది. తకాషి చర్మం ఇరవై ఏళ్ళు ఉండదు. ఆ లెక్కన కథానాయకుడి ముఖమే ఒక అబద్ధం. తెజుకాకు ఇది తెలియక కాదు. స్నేహితుడిచ్చిన చర్మం జీవితాంతం ముఖం మీద ఉండాలి, కథకు అది కావాలి, అంతే. దీనికి తోడు ఆ రోజుల జపాన్‌లో అవయవ మార్పిడి అంటేనే జనం ముఖం చిట్లించేవాళ్ళు. 1968లో సప్పోరోలో మొదటి గుండె మార్పిడి జరిగింది. పేషెంటు 83 రోజులు బతికాడు. దాత నిజంగా చనిపోయాడా అనే అనుమానంతో సర్జన్ మీద హత్య ఆరోపణ వచ్చింది. కేసు నిలవలేదు గానీ మళ్ళీ అక్కడ గుండె మార్పిడి జరగడానికి 1999 దాకా పట్టింది. బ్లాక్ జాక్ కథల్లో ఎవరి అవయవం ఎవరికి అన్న గొడవ ఎందుకంత తరచుగా వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

పినోకో ఇంకో వింత. ఒకామె పొట్టలో పద్దెనిమిదేళ్ళుగా పెరిగిన కణితి. అందులో వెంట్రుకలు, అవయవాలు విడివిడిగా ఉంటాయి. నిజానికి ఆమె కవల తోబుట్టువు. బ్లాక్ జాక్ ఆ ముక్కల్ని తీసి, కృత్రిమ శరీరంలో అమర్చి, ఒక చిన్నపిల్లను చేస్తాడు. ఆ పిల్ల నాకు పద్దెనిమిదేళ్ళు, నేను నీ భార్యను అంటూ ఇల్లంతా తిరుగుతుంది. అండాశయం మీద వచ్చే డెర్మాయిడ్ తిత్తుల్లో జుట్టూ పళ్ళూ నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. కోసి ట్రేలో వేస్తే వెన్నలాంటి కొవ్వులో జడలా చుట్టుకున్న వెంట్రుకలు ఉంటాయి. మొదటిసారి చూసిన నర్సింగ్ అమ్మాయిలు ఆ పూట అన్నం ముట్టరు. అందులో ఆలోచించే మెదడు ఉండదు. కవల పిండమే ఇంకొకరి కడుపులో ఉండిపోవడం వేరే జబ్బు, అది కూడా ఉంది, ఐదు లక్షల ప్రసవాలకు ఒకటి అంటారు. 1999లో నాగపూర్ వైపు మనిషికి ముంబైలో ఆపరేషన్ చేస్తే అలాంటిదే బయటపడింది. దానికీ ప్రాణం ఉండదు.

కానీ పినోకో కథలో ఒక చోట నేను ఆగిపోయాను. ఆ కణితిని తీయబోయిన డాక్టర్లందరి మీదా అది ఏదో శక్తితో తిరగబడుతుంది. బ్లాక్ జాక్ దానితో మాట్లాడతాడు. నిన్ను చంపను, బతికిస్తాను అని మాటిస్తాడు. అప్పుడు గానీ లొంగదు. వైద్యపరంగా ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. కానీ మత్తు ఇచ్చే ముందు పేషెంటు చెయ్యి పట్టుకుని "నేను ఇక్కడే ఉంటానమ్మా" అని చెబితే నాడి 120 నుంచి 90కి దిగడం రోజూ చూసినదాన్ని నేను.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆస్ట్రేలియా కథ. బ్లాక్ జాక్ అక్కడి ఎడారి ప్రాంతంలో జబ్బుపడతాడు. కడుపులో ఎకినోకాకస్ అనే పురుగు. దగ్గర్లో ఎవరూ లేరు. చుట్టూ డింగో కుక్కలు కాచుకుని ఉండగా తన పొట్ట తనే కోసుకుంటాడు. తనకు తాను ఆపరేషన్ చేసుకోవడం అసాధ్యమేమీ కాదు. 1961లో అంటార్కిటికాలో రోగొజోవ్ అనే 27 ఏళ్ళ రష్యన్ డాక్టరు తన అపెండిక్స్ తానే తీసుకున్నాడు. సాయానికి డాక్టర్లు లేరు, ఒకరు డ్రైవరు, ఇంకొకరు వాతావరణ శాస్త్రవేత్త. అద్దం పెట్టుకున్నా చాలావరకు వేళ్ళతో తడిమి చూసుకుంటూ చేశాడు. గంటా నలభై ఐదు నిమిషాలు పట్టింది. కానీ అపెండిక్స్ వేరు, ఆ పురుగు వేరు.

ఆ పురుగు మాకు బాగా తెలిసిన శత్రువు. కర్నూలు, అనంతపురం వైపు గొర్రెల మందలు ఎక్కువ, మందకు కుక్కలు తప్పవు. గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కాలేయాన్ని కుక్కకు పడేస్తారు. పురుగు కుక్క పేగులో పెరిగి గుడ్లు మలంలోంచి గడ్డి మీదికి, నీళ్ళలోకి, మనిషి చేతుల్లోకి వస్తాయి. కాలేయంలో కొబ్బరికాయంత నీటితిత్తి పెరుగుతుంది. హైడాటిడ్ సిస్ట్ అంటాం. ఆస్ట్రేలియా కూడా గొర్రెల దేశమే, అక్కడి డింగోలు కూడా ఈ పురుగును మోస్తాయి. తెజుకా ఆ దేశాన్ని, ఆ కుక్కను, ఆ పురుగును ఊరికే కలపలేదు. ఇక్కడ మాత్రం ఆయన హోంవర్క్‌కు దండం పెట్టాలి.

తొంభైల చివర్లో ఒక గొర్రెలకాపరి కుర్రాడికి మేం ఈ ఆపరేషన్ చేశాం. పదహారేళ్ళుంటాయేమో. సర్జన్ చాలా జాగ్రత్తపరుడు. కాలేయం చుట్టూ ఉప్పునీళ్ళలో ముంచిన మాప్‌లు, అంటే గుడ్డలు, పరిచాడు, ఒక్క చుక్క కూడా పొట్టలోకి జారకూడదని. జారితే ఒంటికి పడక ప్రాణం మీదికి రావచ్చు. తిత్తిలోని నీళ్ళు కొబ్బరినీళ్ళలా తేటగా ఉంటాయి, చూడ్డానికి ఎంత అమాయకంగా ఉంటాయో. సూది గుచ్చి లాగుతుండగా పక్కనుంచి కొంచెం కారింది. ఆయన గమనించేలోపే నాకు తెలిసిపోయింది. నా చేతిలో మెత్తగా ఉండాల్సిన, ఊపిరి అందించే బ్యాగ్ రాయిలా బిగుసుకుంది. నొక్కితే గాలి పోవట్లేదు. గుడ్డ ఎత్తి చూస్తే కుర్రాడి ఛాతీ మీద ఎర్రటి దద్దుర్లు, చూస్తుండగానే మెడ మీదికి పాకుతున్నాయి. బి.పి. 60. "ఆపండి సార్" అన్నాను. "ఏమైంది?" అన్నాడు తల ఎత్తకుండా. "ఆపండి" అని అరిచాను. అడ్రినలిన్, సెలైన్, మళ్ళీ అడ్రినలిన్. పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ సర్జన్ రెండు చేతులూ ఆ మాప్‌ల మీద పెట్టి విగ్రహంలా నిలబడ్డాడు. అంతకంటే ఆయన చేయగలిగిందేమీ లేదు. తర్వాత బ్యాగ్ నెమ్మదిగా మెత్తబడింది. లోపలి తెల్లటి పొర, ద్రాక్షపళ్ళలాంటి పిల్ల తిత్తులు తీసి ట్రేలో వేసేసరికి మధ్యాహ్నం మూడయింది. కుర్రాడు పన్నెండో రోజు నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

ఇప్పుడు చెప్పండి, ఎడారిలో ఒంటరిగా ఆ తిత్తిని కోసుకునేవాడికి ఆ చుక్క జారితే అడ్రినలిన్ ఎవరిస్తారు? డింగోలా?

ఈ కథల మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. 240 కథల్లో మత్తు డాక్టరు ముఖం దాదాపు కనబడదు. పెద్ద పెద్ద ఆపరేషన్లకు పినోకో ఒక్కతే సాయం. గుండె ఆగినా, ఊపిరి బిగిసినా బ్లాక్ జాకే చూసుకోవాలి, కత్తీ ఆయనే పట్టాలి. మీ అమ్మాయికి ముందే చెప్పండి, ఇలాంటి ఒంటరి సర్జన్ ఎక్కడా ఉండడు. ఇంకా విడ్డూరం ఏమిటంటే మత్తు విషయంలో జపాన్‌కు ఎంత గొప్ప చరిత్ర ఉందో! 1804లో హనఓకా సెయిషూ అనే వైద్యుడు ఒకామెకు మొత్తంగా మత్తిచ్చి రొమ్ము క్యాన్సర్ గడ్డ తీశాడు. బోస్టన్‌లో ఈథర్‌తో చేసి చూపించి ప్రపంచమంతా చప్పట్లు కొట్టించుకున్నది 1846లో. అంటే 42 ఏళ్ళ ముందు. ఆ మందులో ముఖ్యమైన దినుసు మన పొలంగట్ల మీద కనిపించే ఉమ్మెత్త జాతి మొక్క. మోతాదు తేల్చడానికి ఇంట్లోవాళ్ళ మీదే ప్రయోగాలు చేశాడు, భార్య చూపు పోగొట్టుకుంది. ఇంత కథ సొంత దేశంలో పెట్టుకుని తెజుకా మమ్మల్ని పట్టించుకోకపోవడం నాకిప్పటికీ చిన్న కినుకే.

అయితే ఒక కథ నా కినుకను కొంత తీర్చింది. ఒక ఆస్పత్రిలో పెద్ద పదవి కోసం ఇద్దరు డాక్టర్లు పోట్లాడుకుంటుంటారు. మూలన షీటకే అనే డాక్టరు ఉంటాడు, ఎవరికీ ఆనడు. ఆయన ఎంతటివాడో బ్లాక్ జాక్ ఒక్కడే గుర్తిస్తాడు. ఆకాశంలో ఆరో తరగతి నక్షత్రం కంటికి కనబడీ కనబడనట్టు ఉంటుంది, దూరంలో ఉండబట్టి అలా ఉంది గానీ నిజానికి అది చాలా పెద్దది కావచ్చు అని పినోకోకు చెబుతాడు. ఆ పేజీ జెరాక్స్ తీసి మా డ్యూటీ రూములో అతికించాను. ఎవరో పీకేశారు, మళ్ళీ అతికించాను.

మరి వైద్యం ఇంత తప్పుంటే ఎందుకు చదవమంటున్నానంటే, కత్తి పక్కన పెట్టాక జరిగేదంతా ఆయన నిజంగా రాశాడు. థియేటరు తలుపు బయట ఏం జరుగుతుందో మెడికల్ కాలేజీలో ఎవరూ చెప్పరు.

మొదటి వాల్యూములోనే ఒక కథ ఉంది, ముత్యం పేరు మీద. బ్లాక్ జాక్‌కు పోస్టులో ఒక వస్తువు వస్తుంది. రాయిలాంటి గట్టి పొర లోపల ఒక కత్తి. చిన్నప్పుడు తనను బతికించిన డాక్టర్ హొన్మా పంపాడు. వెళ్ళి చూస్తే ఆయన మంచం పట్టి ఉంటాడు, అప్పుడు నిజం చెబుతాడు. ఆ పెద్ద ఆపరేషన్లో ఆయన కత్తిని పిల్లవాడి కడుపులోనే మరిచిపోయాడు. ఎవరికీ చెప్పే ధైర్యం లేక ఏడేళ్ళు నలిగిపోయాడు. చివరికి మళ్ళీ తెరిచి చూస్తే, ముత్యపుచిప్ప ఇసుకరేణువును చుట్టినట్టు శరీరం కాల్షియం పొరతో ఆ కత్తిని చుట్టేసి ఏ హానీ జరగకుండా దాచింది. శరీరం ఏడేళ్ళలో అంత అందమైన ఒర తయారుచేస్తుందా అంటే నేను నమ్మను. కానీ మాప్ లెక్క తప్పిన రాత్రి సర్జన్ ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇరవై ఇచ్చాం, పంతొమ్మిదే వచ్చాయి అని నర్సు అనగానే థియేటర్లో గాలి గడ్డకడుతుంది. చెత్తబుట్ట బోర్లించి వెతుకుతాం, పొట్ట మళ్ళీ తెరుస్తాం. దొరికాక కూడా ఆ డాక్టరుకు వారం రోజులు నిద్ర ఉండదు. హొన్మా ఏడేళ్ళ నిద్రలేమిని తెజుకా నాలుగు బొమ్మల్లో చూపించాడు. తర్వాత హొన్మాకు బ్లాక్ జాక్ తనే ఆపరేషన్ చేస్తాడు. ఏ లోపమూ లేకుండా చేస్తాడు. అయినా ముసలాయన పోతాడు. బయట తలవంచుకుని కూర్చున్న శిష్యుడితో గురువు మాట ఒకటి ఉంటుంది, ప్రాణుల చావుబతుకుల్ని మనిషి తన ఇష్టప్రకారం నడిపిద్దామనుకోవడం అహంకారం అనిపించట్లేదా అని. ఆ పేజీలో బ్లాక్ జాక్ ముఖం గీయలేదు. వంగిన వీపు గీశాడు.

డాక్టర్ కిరికో అని ఇంకో పాత్ర. యుద్ధంలో మిలిటరీ డాక్టరుగా నరకం చూసి, బాగుపడని వాళ్ళకు నొప్పి లేని చావు ఇవ్వడమే దయ అనుకునేవాడు. ఒక కథలో పక్షవాతంతో మంచాన పడ్డ తల్లి చావు కోరి కిరికోను పిలిపిస్తుంది, పిల్లలేమో బ్లాక్ జాక్‌ను పట్టుకుంటారు. బ్లాక్ జాక్ గెలుస్తాడు, ఆమె లేచి నిలబడుతుంది. ఆ వెంటనే తల్లీ పిల్లలూ కలిసి రోడ్డు ప్రమాదంలో చనిపోయారని కబురొస్తుంది. కిరికో పగలబడి నవ్వుతాడు. అయినా సరే నేను మనుషుల్ని బాగుచేస్తూనే ఉంటాను, నేను బతకాలి కాబట్టి అని బ్లాక్ జాక్ అరుస్తాడు. లోకకల్యాణం అనలేదు చూడండి, నేను బతకాలి అన్నాడు.

నేను కిరికోను పూర్తిగా చెడ్డవాడని అనలేను. ఐ.సి.యు.లో ఆశ లేదని తేలాక పెద్ద కొడుకు వచ్చి "ఇంటికి తీసుకుపోతాం డాక్టరమ్మా, ఆ గొట్టం మా వాకిట్లో తీయండి" అనేవాడు. అంబులెన్సులో బ్యాగ్ నొక్కుతూ నలభై కిలోమీటర్లు నేనే పోయిన రోజులున్నాయి. వేపచెట్టు కింద మంచం వేసి, అందరూ నోట్లో నీళ్ళు పోశాక, నా చేత్తోనే ట్యూబ్ తీశాను. మన సుప్రీంకోర్టు 2018లో చికిత్స ఆపడం గురించి దారి చూపించింది. అప్పటికి నా సర్వీసు చాలావరకు అయిపోయింది. కిరికో చేసేది వేరు, నేను చేసింది వేరు, తెలుసు. కానీ తిరిగొచ్చేటప్పుడు అంబులెన్సులో ఖాళీ స్ట్రెచర్ పక్కన కూర్చుంటే ఆ తేడా చాలా సన్నగా కనిపించేది.

డబ్బు సంగతి మిమ్మల్ని బాగా కలవరపెట్టినట్టుంది. ఒక కథ చెబుతాను. ఒక ముసలమ్మ ఉంటుంది, కొడుకు దగ్గర ఎప్పుడూ డబ్బు అడుగుతుంటుంది. ఎందుకంటే కొడుకు పసివాడిగా ఉన్నప్పుడు ప్రాణం కాపాడిన డాక్టరు ఫీజు బాకీ ఆమె జీవితమంతా కడుతూ వచ్చింది, కొడుకుకు తెలియకుండా. బాకీ తీరిన రోజే కుప్పకూలుతుంది. బ్లాక్ జాక్ వచ్చి 3 కోట్ల యెన్‌లు అంటాడు. అప్పటి లెక్కలో లక్ష డాలర్ల దాకా. కొడుకు, జీవితాంతం కష్టపడి అయినా కడతాను, మా అమ్మను బతికించండి అంటాడు. నాకు కావలసింది ఆ మాటే అంటాడు బ్లాక్ జాక్. ఇంకా చాలా కథల్లో చివరికి ఏదో నాణెమో, భోజనమో తీసుకుని వెళ్ళిపోతాడు. డబ్బున్న పొగరుబోతు దగ్గర మాత్రం చివరి యెన్ దాకా వసూలు చేస్తాడు. కథగా అద్భుతం. నిజంగా ఏ డాక్టరూ ఇలా చేయకూడదు. పేషెంటు బంధువుల ప్రేమను ఫీజుతో తూచే హక్కు మనకు లేదు. పొలం అమ్మి తెచ్చిన డబ్బు కౌంటర్లో లెక్కపెట్టేవాళ్ళను రోజూ చూసినదాన్ని, నాకా మాట మింగుడు పడదు. దీని మీద మీ అమ్మాయితో వాదన పెట్టుకోండి. నాకైతే మా అబ్బాయితో పదేళ్ళుగా నడుస్తోంది.

చదివేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. బ్లాక్ జాక్ ప్రేమించిన డాక్టరమ్మ కథ ఒకటి ఉంది. ఆమెకు క్యాన్సర్ వస్తే గర్భసంచి, అండాశయాలు తీసేస్తాడు. ఇక ఆమె ఆడదే కాదన్నట్టు, మగవేషంలో ఓడ డాక్టరుగా బతుకుతుంది. కన్నీళ్ళు తెప్పించే కథే గానీ శుద్ధ తప్పు. గర్భసంచి తీసినంత మాత్రాన ఎవరూ ఆడదనం పోగొట్టుకోరు. నేను నా 44వ ఏట తీయించుకున్నాను, నెలన్నరకు డ్యూటీలో చేరాను. రెండోది, మెదడు ఆపరేషన్ల కథలు. లోబోటమీని, అంటే మెదడు ముందు భాగంలో నరాల్ని కోసే పాత ఆపరేషన్ని, మంచి చికిత్సలా చూపించిన ఒక కథ మీద 1977లో పెద్ద నిరసన వస్తే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆ కథను తర్వాత మార్చి గీశాడు. ఒకటి రెండు కథలు పుస్తకాల్లోకి రానేలేదు. తెజుకా చదివిన వైద్యం నలభైల నాటిది, కొన్ని చోట్ల ఆ పాతవాసన కొడుతుంది.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలంటే, ఇంగ్లీషులో వర్టికల్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు 2008 నుంచి 2011 దాకా 17 వాల్యూములు తెచ్చారు. వరసగా చదవాల్సిన పనిలేదు, ఏ కథకా కథే. మొదటి వాల్యూము చాలు, ముత్యం కథ, పినోకో, ఆరో తరగతి నక్షత్రం అందులోనే ఉన్నాయి. పేజీలు కుడి నుంచి ఎడమకు తిప్పాలి, మొదటి రోజు తికమకగా ఉంటుంది. వీడియోలు చూస్తానంటే 1993లో దెజాకి ఒసాము అనే దర్శకుడు మొదలుపెట్టినవి పెద్దవాళ్ళకు, 2004 నాటి టీవీ సీరియల్ కొంచెం మెత్తగా ఉంటుంది. 2023లో యాభై ఏళ్ళ సందర్భంగా ఏ.ఐ. సాయంతో ఒక కొత్త కథ కూడా చేసి అదే పత్రికలో వేశారు. దానికంటే తెజుకా డెబ్బైల్లోనే గీసిన కంప్యూటర్ ఆస్పత్రి కథ చదవమనండి. ఆస్పత్రి మొత్తాన్నీ నడిపే కంప్యూటరు జబ్బుపడి, నాకు మెకానిక్ వద్దు, డాక్టరు కావాలి అని పట్టుబడుతుంది.

ఒక్క సంగతి మిగిలింది. తెజుకా 1989 ఫిబ్రవరిలో పొట్ట క్యాన్సర్‌తో పోయాడు, 60 ఏళ్ళకు. ఆయన స్వయంగా డాక్టరు పట్టా ఉన్నవాడు, వందల కథల్లో పేషెంట్ల ముఖం మీద నిజం చెప్పించినవాడు. ఆయనకు మాత్రం క్యాన్సర్ అని చెప్పలేదు. అప్పటి జపాన్‌లో అదే ఆనవాయితీ. ఆ ముందు నెలలోనే పోయిన చక్రవర్తికీ చెప్పలేదు. మంచం మీద కూడా కాగితం, పెన్సిలు అడిగేవాడట. చివరి రోజుల్లో గీస్తున్న కథలో ఒక పాత్రకు పొట్ట క్యాన్సర్ ఉంటుంది, చుట్టుపక్కలవాళ్ళు దాస్తుంటారు. "మా నాన్నకు చెప్పకండి మేడమ్" అని కారిడార్లో నా కొంగు పట్టుకున్న కూతుళ్ళను ఎంతమందిని చూశానో. లోపలికి వెళితే ఆ నాన్న నన్ను చూసి, "మా అమ్మాయికి చెప్పకండి, తట్టుకోలేదు" అనేవాడు.

మొదటి వాల్యూము చదవడం అయ్యాక మీ అమ్మాయి ఇంకా సర్జరీయే అంటే అననివ్వండి. మత్తు అంటే మాత్రం నాకు రాయండి.